లమార్ నాటని జెండా

మా మోసర్‌విల్‌లో మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే అతని ఇంటి ముందు పచ్చిక చూస్తే చాలంటారు. ఇది అన్యాయమని అందరూ ఒప్పుకుంటారు, ఒప్పుకుని కూడా చూస్తారు. శనివారం గడ్డి కొయ్యకుండా వదిలేసినవాడు ఆదివారం చర్చిలో వెనక బెంచీ వెతుక్కోవలసిందే. పెన్సిల్వేనియాలో ఇలాంటి ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయని విన్నాను గానీ, ఈ విషయంలో మావాళ్ళంత ముదుర్లు మరెక్కడా ఉండరని నా నమ్మకం.

అలాంటి ఊళ్ళో, ఏటా వసంతం వచ్చిందంటే లమార్ హాన్ ఇంటి ముందు డాండిలయన్లు సిగ్గూ ఎగ్గూ లేకుండా విరగబూసేవి. నేలకి అంటుకుపోయిన రంపపుపళ్ళ ఆకులు, వాటి మధ్య నుంచి లేచిన పసుపు పూలు, ఆ తర్వాత గాలికి వీధంతా ఎగిరే దూది గింజలు. ఇంకొకడి ఇల్లయితే ఊరు నాలుగు రోజులు నవ్వుకుని ఊరుకునేది. కానీ లమార్ పనిచేసేది పెద్దరోడ్డు మీది ఇనప సామాన్ల కొట్లో. ఆ కొట్లో విత్తనాలూ ఎరువులూ కలుపు మందులూ ఉండే చివరి వరస అతని రాజ్యం. ఆ వరసలోకి అడుగుపెట్టినవాడు ఉపదేశం వినకుండా బయటపడ్డ దాఖలా లేదు.

ఉపదేశం ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. ముందు సీసా మీద రాసింది చదవమనేవాడు. చదివానని చెప్పడం వేరు, చదవడం వేరు అని గుర్తు చేసేవాడు. మందుల్లో రెండు జాతులున్నాయనీ, ఒకటి పచ్చగా కనబడ్డ ప్రతిదాన్నీ చంపేస్తుందనీ, రెండోది గడ్డి జోలికి పోకుండా వెడల్పాటి ఆకుల కలుపునే పట్టుకుంటుందనీ, పచ్చికకి కావలసింది ఈ రెండోదేననీ చెప్పేవాడు. రెండిటికీ ఒకే పంపు వాడితే పచ్చికకి బట్టతల వస్తుందని భయపెట్టేవాడు. గాలి లేని రోజు చూసుకోవాలి, వాన రాని రోజు చూసుకోవాలి, ఎండ మరీ ముదిరిన రోజు వద్దు, నిండు చేతుల చొక్కా, చేతులకి తొడుగులు, కాళ్ళకి బూట్లు, కూరమళ్ళకి దూరం, కావలసినంతే కలుపుకోవాలి, ఒక గరిట ఎక్కువేస్తే కలుపు తొందరగా చావదు, డబ్బు మాత్రం తొందరగా పోతుంది. అన్నీ అయ్యాక బల్ల కింద నుంచి తీగకి గుచ్చిన పసుపు కాగితం జెండాలు రెండు తీసి ఊరికే ఇచ్చేవాడు. వాటి మీద ‘ఇక్కడ మందు కొట్టాం, తొక్కకండి’ అని ఉండేది.

“జెండా పెట్టకపోతే మీరు పడ్డ జాగ్రత్త మీ ఒక్కరికే తెలుస్తుంది. పక్కవాడికి ఎలా తెలుస్తుంది? వాడి పిల్లకి, వాడి కుక్కకి ఎలా తెలుస్తుంది?” అనేవాడు చివరగా. ఈ మాట అనేటప్పుడు అతని గొంతులో కాస్త చర్చి గంట మోగేది.

ఇంత చెప్పేవాడి ఇంటి ముందు అంత కలుపేమిటని అడగాలని అందరికీ ఉండేది. అడిగేవాడు మాత్రం ఒక్కడే, క్లెయిర్ బోర్ట్స్. లమార్‌తో కలిసి చదువుకున్నవాడు, ఎదురింటివాడు, వీధి మొత్తానికీ అద్దంలాంటి పచ్చిక ఉన్నవాడు. ఆ మార్చి నెలాఖరున కొట్లో పదిమంది వరసలో నిలబడి ఉండగా అతను వెనక నుంచి తాపీగా అన్నాడు.

“ఒరే లమార్, నీ మందు అంత మంచిదైతే ముందు నీ ఇంటికి అమ్ముకోరా.”

వరసంతా పగలబడి నవ్వింది. లమార్ కూడా నవ్వాడు, నవ్వక చస్తాడా. కానీ ఆ నవ్వు ఇంటికెళ్ళేదాకా అతని మొహం మీద అలాగే అతుక్కుని ఉండిపోయి, దవడలు నొప్పి పుట్టాయి.

ఆ కలుపుకి కారణం అత్తగారు. పేరు ఎఫీ. మామగారు పోయాక ఎఫీ కూతురింటికి వస్తూ ఒక ఊగుడు కుర్చీ, అరిగి సగమైన ఒక చిన్న కత్తి, ఒక షరతు తెచ్చుకుంది. కుర్చీ వీధి వైపు గదిలో కిటికీ దగ్గర వేసుకుంది. కత్తి, షరతు రెండూ డాండిలయన్లకి సంబంధించినవి. ఈస్టర్ ముందు వచ్చే గురువారాన్ని మావాళ్ళు పచ్చాకు గురువారం అంటారు. ఆ రోజు ఏదో ఒక పచ్చాకు తినాలి. అందులోనూ పూత రాని లేత డాండిలయన్‌కి మించింది లేదు. బేకన్ ముక్కలు వేయించి, ఆ కొవ్వులోనే వెనిగర్, పంచదార, గిలక్కొట్టిన గుడ్డు కలిపి, ఆ వేడి పులుసు ఆకు మీద పోస్తే ఆకు మెత్తబడి ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. తిన్నవాడికి ఏడాదంతా జబ్బు రాదు. తిననివాడు ఏడాదంతా గాడిద. ఎఫీ ఈ మాట సగం నవ్వులాటకే అనేది. మిగతా సగం సంగతేమిటో కనుక్కునే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

కాబట్టి పచ్చాకు గురువారం దాటేదాకా పచ్చిక మీద మందు చుక్క పడకూడదన్నది ఆవిడ షరతు. లమార్ సరేనన్నాడు. అక్కడికి ఆగితే బాగానే ఉండేది. గురువారం దాటాక ఎఫీ పూలు కోసి వైన్ పెట్టేది, అవి అయ్యేదాకా ఆగమనేది. పూలయ్యాక వేళ్ళు తవ్వి ఎండబెట్టి కాఫీలో కలిపేది, అవి అయ్యేదాకా ఆగమనేది. అప్పటికి ఎండలు ముదిరేవి, మందు కొట్టకూడని కాలం వచ్చేది. అక్టోబరు మంచి అదనని లమార్ గొణిగితే, అక్టోబరులో కనబడే మొక్కే ఏప్రిల్‌లో ఆకు అవుతుందని ఎఫీ అతనికే పాఠం చెప్పేది. అడిగినప్పుడల్లా గడువు అత్తగారి నోట్లోంచి ఇంకో నెల ముందుకు జరిగేది. లమార్‌కి ఎఫీ అంటే ఇష్టం. నిజంగానే ఇష్టం, భయం కలిపిన ఇష్టం. అందుకే ఏళ్ళ తరబడి నోరు మూసుకున్నాడు.

ఈసారి మాత్రం క్లెయిర్ మాట లోపల ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఈస్టర్ ముందరి సోమవారం వచ్చింది. ఆకు కదలనంత నిశ్శబ్దంగా ఉంది గాలి. రెండు రోజుల దాకా వాన లేదన్నారు రేడియోలో. ఎఫీనీ, భార్య ఫెర్న్‌నీ చర్చి ఆడవాళ్ళు పండగ శుభ్రానికి తీసుకుపోయారు. లమార్‌కి ఆ రోజు సెలవు. దేవుడే తలుపు తీసి రమ్మంటున్నట్టు అనిపించింది అతనికి. ఇలాంటి తలుపులు దేవుడు తీయడని అతనికి తర్వాత తెలిసింది.

ఇంటి ముందు వైపు పచ్చికకే కొడదామనుకున్నాడు. అత్తగారు ఆకు కోసేది ఎప్పుడూ వెనక పెరట్లోనే, అక్కడ నీరెండ తగిలి ఆకు లేతగా వస్తుంది. వెనక వైపు చుక్క పడనివ్వనని తనకి తానే ఒట్టు పెట్టుకున్నాడు. సీసా మీద రాసింది మొదటి అక్షరం నుంచి చదివాడు, తను ఊరికి చెప్పినట్టే. నిండు చేతుల చొక్కా వేసుకున్నాడు, తొడుగులు తొడుక్కున్నాడు. కొలిచి కలిపి, నాజిల్ నేలకి దగ్గరగా పట్టుకుని, ఒక్కొక్క మొక్క మీదా పడేలా నెమ్మదిగా వెనక్కి నడుస్తూ కొట్టాడు. వెనక్కి ఎందుకంటే ముందుకి నడిస్తే తడిసిన గడ్డిని తనే తొక్కాలి. పంపు మూడుసార్లు కడిగాడు. బట్టలు విడిగా ఉతికాడు. సీసా గరాజులో పైన బీరువాలో పెట్టి తాళం వేశాడు.

కుక్కని కూడా మర్చిపోలేదు. కూతురు జోలీన్ తన ఇంట్లో రంగులు వేయిస్తూ, వాళ్ళ పికిల్‌ని ఆ వారానికి వీళ్ళ దగ్గర వదిలింది. దూడంత గోధుమరంగు కుక్క, బుద్ధి పిల్లి అంత కూడా లేదు. రోజూ వీధి అరుగు మీద పడుకునేది. దాని పాదాలకి మందు అంటకూడదని లమార్ దాన్ని వెనక పెరట్లోకి మార్చి గేటు వేశాడు. పాపం మూగజీవి అనుకుంటూ దాని నీళ్ళగిన్నె కూడా మోసుకెళ్ళాడు. తనంత జాగ్రత్తపరుడు జిల్లాలో ఉండడనిపించింది ఆ క్షణాన.

ఇక మిగిలింది జెండా. కోటు జేబులోంచి తీశాడు, వంగాడు, తీగ మొన నేలకి ఆనించాడు కూడా. తల ఎత్తితే ఎదురుగా అత్తగారి కిటికీ, కిటికీలో ఖాళీ ఊగుడు కుర్చీ. ఆవిడ సాయంత్రం వచ్చి ఆ కుర్చీలో కూర్చోగానే మొదట కనబడేది ఈ జెండాయే. లమార్ కాసేపు అలా వంగే ఉన్నాడు. తర్వాత నిలబడి, నడుం పట్టుకుని, జెండాని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మందు ఆరేదాకా అరుగు మీద తనే కాపలా కూర్చున్నాడు, ఆరిపోయాక ఇంకెవరికి ముప్పు అని సర్దిచెప్పుకున్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు అంటే ఇదే. అయితే కుడితి తన వంటి మీదికి వచ్చేదాకా బల్లికి తెలియదు.

గురువారం కొట్టు నుంచి వచ్చేసరికి ఇల్లు బేకన్ వాసనతో నిండిపోయి ఉంది. మావాళ్ళు ఆ రోజు ఐదింటికే భోజనానికి కూర్చుంటారు, ఏడింటికి చర్చి ఉంటుంది. జోలీన్, ఆమె నాలుగేళ్ళ కూతురు టిల్లీ అప్పటికే వచ్చారు. ఉడికించిన బంగాళాదుంపలు, పంది తొడ మాంసం, గుడ్లు బల్ల మీద పెట్టారు. మధ్యలో ఎఫీ పెద్ద నీలం గిన్నె, మీద తెల్లగుడ్డ. ఎఫీ శుభ్రమైన గౌను వేసుకుని, కళ్ళు మెరుస్తూ కూర్చుంది. ఏడాదిలో ఆవిడ అంత ఆనందంగా ఉండే రోజులు రెండో మూడో, అందులో ఇది మొదటిది.

ప్రార్థన అయింది. ఎఫీ గుడ్డ తీసింది. పచ్చటి ఆకు, దాని మీద పొగలు కక్కుతున్న పులుసు. ఆ ఇంటి ఆచారం ప్రకారం అందరికన్నా చిన్నవాళ్ళు మొదటి ముద్ద తినాలి. ఎఫీ టిల్లీ కంచంలో కాస్త వడ్డిస్తూ, మామూలుగా ఊళ్ళో కబురు చెప్పినట్టు చెప్పింది.

“ఈ ఏడు వెనక పెరట్లో కొయ్యలేదులే. ఆ కుక్క మూడు రోజులుగా అక్కడే కాపరం పెట్టింది, ఎక్కడ కాలెత్తిందో ఎవరికి తెలుసు. ముందు వైపు కోశాను. ఆకు కాస్త మెలికలు తిరిగింది, రాత్రి చలికి కాబోలు.”

లమార్ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. మెలికలు తిరగడం చలికి కాదు. ఆ మందు తగిలిన మొక్క చచ్చేముందు అలాగే మెలికలు తిరుగుతుంది, ఆ సంగతి అతనే ఎంతమందికో చేత్తో తిప్పి చూపించాడు. ఆకు కడిగారా అని అడిగాడు. మూడు నీళ్ళు కడిగానంది ఎఫీ. కడిగితే పోయే మందైతే కలుపు ఎలా చస్తుంది? అది ఆకులోకి దిగిపోతుంది. బేకన్ పాడైనట్టు వాసనొస్తోంది, ఇది పారేద్దామన్నాడు. పొద్దున్నే కొన్నానని ఫెర్న్ మొహం ముడుచుకుంది. ఆ ఒక్క అబద్ధంతో గట్టెక్కుతానని ఎందుకో గానీ అతననుకున్నాడు. టిల్లీ అమ్మమ్మ తాతమ్మల వైపు చూసి, గాడిద కాకూడదన్న పట్టుదలతో ఫోర్కు నిండా గుచ్చుకుని నోటి దాకా ఎత్తింది.

లమార్ బల్ల మీంచి వంగి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

“తినొద్దు. ఎవరూ తినొద్దు. సోమవారం నాడు ముందు వైపు పచ్చికకి నేను మందు కొట్టాను.”

టిల్లీ ఫోర్కు మీద ఆకు ఒక్కటి జారి కంచంలో పడింది. జోలీన్ ఆ కంచాన్ని పిల్లకి అందకుండా లాగేసింది. వంటింట్లో ఎవరూ రుచి చూడలేదు కదా అని అడిగాడు లమార్. దేవుణ్ణి తలవకముందు ముద్ద నోట్లో పెట్టుకునే అలవాటు ఈ ఇంట్లో ఎవరికీ లేదంది ఎఫీ. అప్పుడు గానీ అతను టిల్లీ చెయ్యి వదల్లేదు.

అప్పుడు ఫెర్న్ అడిగింది. “జెండా ఏది?”

సమాధానం చెప్పేకంటే చూపించడమే తేలిక. లమార్ లేచి, తలుపు పక్క తగిలించిన కోటు జేబులోంచి నలిగిన పసుపు జెండా తీసి బల్ల మీద పెట్టాడు. ఊరంతా పంచిపెట్టే జెండా మనింటి ముందుకి ఎందుకు రాలేదని ఫెర్న్ ఇంకా ఏదో అనబోయింది గానీ ఎఫీ చెయ్యెత్తింది. ఆవిడ గిన్నె తీసుకుని వెళ్ళి, ఆకంతా సంచిలో వేసి, మూతి గట్టిగా కట్టి చెత్తబుట్టలో పడేసింది. రొట్టెలొచ్చిన సంచులు కడిగి ఆరేసుకుని మళ్ళీ వాడుకునే మనిషి. ఆవిడ తిండి పారేయడం లమార్ ఎప్పుడూ చూడలేదు. అరిచినా బాగుండేదనిపించింది అతనికి.

తిరిగొచ్చి కుర్చీ వెనక నిలబడింది.

“మందు కొట్టావని కాదు అల్లుడూ. ఇల్లు నీది, పచ్చిక నీది, నేనే కాస్త ఎక్కువ లాగానేమో కూడా. నా కంటబడకూడదని జెండా జేబులో పెట్టుకున్నావు చూడు. నేనేమన్నా పరాయిదాన్నా, కోపమొస్తే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఆ నాలుగు తిట్లకి భయపడి దీని నోటి దాకా తెచ్చావు.”

దీని అంటే టిల్లీ. లమార్ తల దించుకున్నాడు. ఆవిడ అన్నదంతా నిజమే. ఏడుపొచ్చింది గానీ, వయసొచ్చిన మగవాడు కాబట్టి దగ్గులా పైకి వదిలాడు.

ఎఫీ అరిగిన కత్తీ, బుట్టా తెచ్చి అతని చేతిలో పెట్టింది. చర్చికి ఇంకా టైముందనీ, ఈలోగా మంచి ఆకు తెస్తే సరేసరి, లేకపోతే ఈ ఇంట్లో ఈ ఏడు ఐదు గాడిదలు తయారవుతాయనీ చెప్పింది. తాతయ్య ఒక్కడే గాడిదవుతాడా, అందరమూనా అని టిల్లీ అడిగింది. అది తాతయ్య చేతిలో ఉందని చెప్పారు.

లమార్ రోడ్డున పడ్డాడు. పక్కిల్లు చూశాడు, తివాచీ పరిచినట్టుంది. దాని పక్కది అంతకన్నా నున్నగా ఉంది. మూడో ఇంటి ముందు పసుపు జెండా రెపరెపలాడుతోంది. బడిలో పంతులమ్మగా చేసి మానేసిన లొరైన్ ఫై గుమ్మంలోకి వచ్చి, మీరు చెప్పినట్టే గాలి లేని రోజు చూసి కొట్టాను, జెండా సరైన చోట పెట్టానా అని అడిగింది. కత్తి వెనక దాచుకుని, చాలా చక్కగా పెట్టారని మెచ్చుకోవలసి వచ్చింది. వీధి చివర చర్చి శ్మశానంలో దొరుకుతాయని ఆశపడ్డాడు. అక్కడ సమాధుల మధ్య వరసగా జెండాలున్నాయి. చర్చి చూసుకునే మనిషి కిందటి వారమే పెద్ద డబ్బా కొన్నాడనీ, ఉపదేశం మొత్తం బుద్ధిగా విన్నాడనీ అప్పుడు గుర్తొచ్చింది. చచ్చినవాళ్ళు తొక్కరు కదా, వాళ్ళకి కూడా జెండాలు పెట్టిందెవరయ్యా అంటే తన శిష్యులే. రోడ్డు పక్క కాలువగట్టు మీద ఉన్నాయి గానీ, వాటి మీద చలికాలమంతా లారీల మసీ, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పూ పడ్డాయి, అవి అత్తగారి గిన్నెలోకి తేవడానికి అతని మొహం చెల్లలేదు.

ఊళ్ళో తినదగిన ఆకు ఒక్కటి లేకుండా చేసింది తనేనని లమార్‌కి తెలిసింది. ఇంత మంచి పని తన చేతి మీదుగా జరిగిందని ఇంకే రోజైనా గర్వపడేవాడు.

వెనక్కి వస్తుంటే క్లెయిర్ తన అరుగు మీద కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. చాలాసేపటి నుంచీ చూస్తున్నట్టున్నాడు.

“ఏరా, కత్తి పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నావు, ఓట్లు అడగడానికా?”

ఇంకో రోజైతే లమార్ ఏదో ఒకటి తిప్పి కొట్టేవాడు. ఆ రోజు ఓపిక లేక, మెట్టు మీద కూలబడి, కొట్లో వరస దగ్గర్నుంచి టిల్లీ ఫోర్కు దాకా మొత్తం చెప్పేశాడు. ఏదీ దాచలేదు. దాచడమంటే ఆ పూటకి వెగటు పుట్టింది. కుక్కని వెనక్కి మార్చిన దగ్గర క్లెయిర్ కాఫీ ఒలికేలా నవ్వాడు. టిల్లీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపాడు. కప్పు పక్కన పెట్టి, వీధి అటూ ఇటూ చూసి, రమ్మని సైగ చేశాడు.

గరాజు వెనక, పాత తలుపులు రెండు నిలబెట్టి కట్టిన దడి లోపల, మంచమంత మడి ఉంది. అందులో డాండిలయన్లు. ఒక్క పువ్వు లేదు, గడ్డిపోచ లేదు, ఒకదానికొకటి ఎడంగా, తీర్చిదిద్దినట్టు పెంచిన మొక్కలు. వీధిలోకెల్లా గొప్ప పచ్చిక గలవాడి ఇంట్లో.

“అమ్మ ఇక్కడే కోసేది,” అన్నాడు క్లెయిర్, మొక్కల వైపు చూస్తూ. “ఆవిడ పోయాక పీకేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదురా. ఎవడైనా చూస్తే నవ్వుతాడని ఈ తలుపులు అడ్డం పెట్టాను.”

మరి పదిమందిలో నన్నెందుకు ఏడిపించావని లమార్ అడిగాడు. క్లెయిర్ కాసేపు చెవి గోక్కున్నాడు. నీకు అత్తగారి పేరు చెప్పుకుని వీధిలోనే పెంచుకునే యోగం ఉంది, అది చూస్తే కడుపు మండేదన్నాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా నవ్వారు.

లమార్ కత్తి తీసి, మళ్ళీ ఆగాడు. “ఇక్కడ మందు...”

“నేను నీలాంటివాణ్ణనుకున్నావా? ఈ చుట్టుపక్కలకి పంపే తేను. గాలి ఇటు తిరిగిందంటే ముందు వైపు కూడా కొట్టను. కావాలంటే ఆకు చూసుకో.”

లమార్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క ఆకూ తిప్పి చూశాడు. నిటారుగా, బిరుసుగా, ఎక్కడా మెలిక లేకుండా ఉన్నాయి. వేరు దగ్గర కోసి బుట్టలో వేస్తూ, ఆఖరిసారి ఇవి ఎప్పుడు తిన్నావని అడిగాడు. అమ్మ పోయాక పులుసు చేసేవాళ్ళు లేరని చెప్పాడు క్లెయిర్. అయితే ఇన్నేళ్ళుగా గాడిదవే అన్నమాట, పద మా ఇంటికి అన్నాడు లమార్. క్లెయిర్ బెట్టు చేయకుండా టోపీ పెట్టుకుని వెంట నడిచాడు.

ఎఫీ ఆకుని వెలుతురులో పెట్టి చూసింది, వాసన చూసింది, ఎక్కడిదని అడిగింది. మంచమంత మడి సంగతి విని క్లెయిర్ వైపు ఒకసారి చూసి, మీ అమ్మ చేతి పులుసులో పంచదార ఎక్కువ పడేదిలే అంది. అది మెప్పో తిట్టో తెలియక క్లెయిర్ కూర్చున్నాడు. ఫెర్న్ ఆకు కడిగి, బేకన్ మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. మొగుడితో ఇంకా మాట్లాడలేదు గానీ, అతని కుర్చీ బల్ల దగ్గరికి జరిపింది.

ఈలోగా లమార్ నలిగిన జెండాని చేత్తో సాపు చేసుకుని ముందు పచ్చికలోకి వెళ్ళాడు. మూడు రోజులు ఆలస్యం, అయినా సరిగ్గా అత్తగారి కిటికీకి ఎదురుగా, సోమవారం వంగిన చోటనే వంగి, నేలలోకి దిగేసి వచ్చాడు. తిరిగేటప్పుడు తలెత్తి చూస్తే కిటికీలో ఎఫీ నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి ఊపలేదు, తెర కూడా వెయ్యలేదు.

నీలం గిన్నె రెండోసారి బల్ల మీదికి వచ్చింది. మళ్ళీ పొగలు, మళ్ళీ అదే వాసన. ఎఫీ గరిట తీసుకుంది. అందరూ ఆచారం ప్రకారం టిల్లీ వైపు చూశారు. టిల్లీ తాతయ్య వైపు చూసింది. జోలీన్ చెయ్యి పిల్ల కంచం అంచు మీదికి వచ్చి ఆగింది, అక్కణ్ణుంచి కదల్లేదు. లమార్ ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. ఆకు మంచిదని తనకి తెలుసు. ఇక మీదట తను మంచిదంటే ఈ బల్ల దగ్గర ఎవరైనా నమ్ముతారా అన్నదే తెలియదు.

ఎఫీ గరిట తిప్పి మొదటి వడ్డన తన కంచంలోనే వేసుకుంది. ఆ ఇంట్లో అలా ఎప్పుడూ జరగలేదు. ఫోర్కు నిండా గుచ్చుకుని, నోటి దగ్గర ఆపి, అల్లుడి కళ్ళలోకి చూసింది.

“లమార్, తినొచ్చా?”

“తినండి అత్తయ్యా.”

ఆవిడ ఇంకో మాట అడగలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తీరిగ్గా నమిలి మింగింది. చేదు సరిపోయిందంది. తర్వాత జోలీన్ చేతి మీద తట్టి పక్కకి జరిపి, టిల్లీ కంచంలో వడ్డించింది.